ఐదింటిలో ఒకటి పక్కకి

ఏప్రిల్ సగం గడిచింది. మంచు కరిగిన అల్ఫాల్ఫా గడ్డి మడిలో గోఫర్లు బొరియల్లోంచి పైకొచ్చాయి. వెనక్కాళ్ళ మీద గూటంలా నిటారుగా నిలబడి, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఈలలు వేస్తున్నాయి. చూడ్డానికి ఉడత పిల్లల్లా ముద్దుగానే ఉంటాయి గానీ, లేత మొలకని వేరు దాకా కొరికేస్తాయి. అవి తోడిపోసిన మట్టి కుప్పలకి తగిలి గడ్డి కోసే మిషను కత్తులు విరుగుతాయి.

ఆ మడి సగం తోర్వాల్ ఎంగెబ్రెట్‌ది, సగం డెల్మార్‌ది. మధ్యలో ముళ్ళకంచె ఉంది. ఆ కంచె ఆవుల్ని ఆపుతుంది గానీ గోఫర్లని ఏం ఆపుతుంది?

డెల్మార్ విసిగిపోయి విషం పట్టించిన ఓట్స్ గింజలు సంచులకి సంచులు కొనుక్కొచ్చాడు. ఆ మాట చెప్పడానికి కంచె దగ్గర ట్రక్కు ఆపాడు.

"పెద్దాయనా, మీ కుక్కని ఇక కట్టేసుకో. బొరియ బొరియకీ గరిటెడు ఓట్స్ పోసేస్తున్నా."

తోర్వాల్ కుక్క పిప్‌కి మడిలో చచ్చిన ప్రతిదీ పండగ భోజనమే. విషం తిన్న గోఫర్‌ని అది తిన్నదంటే ఇంతే సంగతులు. కట్టేద్దామంటే గొర్రెల వెంట తిరిగే జాతి, కట్టిన రోజు కూడు ముట్టదు.

"ఆగవయ్యా డెల్మార్. నా వైపూ నీ వైపూ నేనే తుపాకీతో కొట్టి పెడతా. విషం మాత్రం చల్లకు."

"నువ్వా? పోయినేడు గోఫర్‌కి గురిపెట్టి నా నీళ్ళ పైపుకి చిల్లు పెట్టిందెవరో?"

"అది గాలి."

"గాలికి తుపాకీ కాల్చడం కూడా వచ్చేమిటి?" అని నవ్వాడు డెల్మార్. కానీ మనిషి చెడ్డవాడు కాదు. కాసేపు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "సరే. శనివారం పొద్దున్న వస్తా. నేను వేలు పెట్టి చూపించిందల్లా కొట్టాలి. ఒక్కటి తప్పినా మధ్యాహ్నానికి ఓట్స్ చల్లేస్తా. ఆ తరవాత నన్ననకు."

తోర్వాల్ తుపాకీ సన్నగొట్టం రైఫిలు. దూరాన నిలబడిన గోఫర్ తలకాయకి గురిపెట్టి కొట్టాల్సిన సరుకు. దానికి అంగట్లో తూటాలు ఎప్పుడూ నప్పలేదు. అవి అందరి కొలతకీ కుట్టిన చొక్కాల్లాంటివి. అందుకని ఆయన వంటింటి పక్క కొట్టులో బల్ల వేసుకుని, కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరి, కడిగి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమరు బిళ్ళ నొక్కి, త్రాసులో తుపాకీమందు తూచి పోసి, మీద గుండు బిగించి, తన తూటాలు తనే చేసుకుంటాడు. ఏ మందు ఎంత పోస్తే తన తుపాకీ గొట్టానికి ఒప్పుతుందో ఏ పుస్తకమూ చెప్పలేదు. తుపాకీనే అడగాలి. అడగడమంటే చేసి, కాల్చి, కాగితం చూడడమే.

ఆ వారమంతా ఆయన అదే పని. వంద గజాల దూరంలో అట్టకి కాగితం అంటించి, ఇసుక సంచుల మీద తుపాకీ ఆనించి, ఒక్కో రకానికి ఐదేసి కాల్చాడు. ఐదు చిల్లులూ పావు డాలరు బిళ్ళ కింద దాక్కుంటే ఆ మందు కుదిరినట్టు.

నాలుగు దాక్కుంటున్నాయి. ఒక్కటి మాత్రం పైకి, ఎడమకి, బొటనవేలంత దూరం పోయి కూర్చుంటోంది.

మందు తగ్గించాడు. నాలుగు దగ్గర, ఒకటి దూరం. వేరే డబ్బాలోంచి వేరే మందు పోశాడు. అదే వరస. గుండుని కాస్త లోపలికి నొక్కాడు, కాస్త బయటికి ఉంచాడు, ప్రైమర్లు మార్చాడు. నాలుగు దగ్గర, ఒకటి దూరం. తినే కంచంలో రోజూ ఒకే రాయి తగిలినట్టుంది ఆయనకి. కోపం కన్నా ఎక్కువగా వింత పుట్టింది. మందు తప్పైతే ఐదూ చెదరాలి కదా? నాలుగింటికి నచ్చినది ఐదోదానికెందుకు నచ్చలేదు?

గురువారం ఆయన భార్య ఐడెల్లా కూడా వెంట వచ్చింది. కాఫీ ఫ్లాస్కు ఒడిలో పెట్టుకుని మడత కుర్చీలో కూర్చుంది.

"ఎందుకొచ్చావు చలిలో?"

"ఇంట్లో నువ్వు తుపాకీ కడిగే నీళ్ళ కంపు. ఇక్కడైతే గాలన్నా ఉంది. ఆ దుర్భిణీ ఇటు పెట్టు, ఊరికే కూర్చోలేను."

తోర్వాల్ కళ్ళకి అంత దూరాన సన్న చిల్లు ఆనదు. ఐదూ కాల్చాక నడిచి వెళ్ళి కాగితం తెచ్చుకోవడమే ఆయనకి అలవాటు. ఐడెల్లా దుర్భిణీలో కన్ను పెట్టింది. ఆయన కాల్చాడు.

"ఎడమ పైన," అంది ఆవిడ.

రెండోది కాల్చాడు. "మధ్యలో." మూడోది. "దాని పక్కనే. రెండూ ముద్దెట్టుకుంటున్నాయి." మిగతా రెండూ అక్కడే పడ్డాయి.

తోర్వాల్ లేచి గొట్టం తుడిచే కడ్డీ తీశాడు. గుడ్డ పీలికలు ఆ కడిగే నీళ్ళలో తడిపి గొట్టంలో తోశాడు. గుండ్ల రాగి పూత అంటించిన మరక నీలంగా దిగింది. నీలం పోయి తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా తోసి, చివర నూనె గుడ్డ లాగాడు. ప్రతి ఐదింటికీ ఆయన చేసేదే అది. మురికి తుపాకీని వాళ్ళ నాన్న గడప దాటనిచ్చేవాడు కాదు.

ఇంకో మందుతో మళ్ళీ ఐదు కాల్చాడు.

"ఎడమ పైన," అంది ఐడెల్లా. తరవాతి నాలుగింటికీ "మధ్యలో" అని, కన్ను తీసి ఆయన వంక చూసింది. "ఏమయ్యా, ఎప్పుడూ మొదటిదే పోతోందే?"

"ఏదో కాకతాళీయం."

"రెండుసార్లూనా? అయితే ఇంకోసారి కాకతాళీయం చెయ్యి చూద్దాం."

ఆయన కడ్డీ అందుకోబోయాడు. ఐడెల్లా దాని మీద చెప్పు ఆనించింది.

"కడక్కుండా కాల్చు."

"కడక్కుండానా? మురికి గొట్టంతోనా?"

"మీ నాన్న ఇక్కడెక్కడా లేడు. నేనెవరికీ చెప్పన్లే."

తోర్వాల్‌కి స్నానం చెయ్యకుండా చర్చికి వెళ్తున్నట్టే ఉంది. అయినా ఆ ప్రశ్న ఆయన్నీ కుడుతోంది. కూర్చున్నాడు. ఊపిరి సగం వదిలి మీట నొక్కాడు.

"మధ్యలో," అంది ఐడెల్లా.

గొట్టం చల్లారేదాకా ఆగి, ఒక్కొక్కటే కాల్చాడు. మధ్యలో, మధ్యలో, మళ్ళీ మధ్యలో. అప్పుడు గొట్టం శుభ్రంగా కడిగి ఒకటి కాల్చాడు. ఆవిడ చెప్పేలోపే ఆయనే అన్నాడు, "ఎడమ పైన."

"నీకెలా తెలిసింది?"

"సిగ్గేస్తోంది గనక." ఆయన నెమ్మదిగా నవ్వాడు. "నూనె పూసిన నున్నటి గొట్టంలో మొదటిది జారిపోయి తన దారిన తను పోతోంది. అది వెళ్ళి కాస్త రాగి, మసి పూసి పోతే గానీ వెనకవాటికి దారి కుదరట్లేదు. తప్పు మందుది కాదు ఐడెల్లా. నా గుడ్డముక్కది."

శనివారం డెల్మార్ వచ్చాడు. పిప్‌ని ట్రక్కులో కూర్చోబెట్టి అద్దం ఎత్తారు. తోర్వాల్ ముందుగా కాలవ గట్టు మట్టిలోకి ఒకటి కాల్చాడు.

"అదేంటి పెద్దాయనా, గట్టు ఏం పాపం చేసింది? తప్పిందిగా, ఓట్స్ తెచ్చుకోనా?"

"నువ్వు ఇంకా వేలే చూపించలేదు. అది నా తుపాకీ పళ్ళు తోముకోవడం."

"తోముకోవడమా? ఆ లెక్కన ఊసింది నా వైపు కాదు, అదే మేలు. సరే, ఆ చీలిన కంచె రాట కింద ఉన్నదాన్ని కొట్టు."

కొట్టాడు. డెల్మార్ కావాలనే ఇంకొంచెం దూరానిది చూపించాడు. అదీ పడింది. తరవాత గట్టు చాటున తల మాత్రమే కనిపిస్తున్నది చూపించి, తనే గొణిగాడు, "ఇది అన్యాయంలే, వదిలెయ్యి." తోర్వాల్ వదల్లేదు. గాలి తగ్గేదాకా ఆగి కాల్చాడు. తల మాయమైంది.

డెల్మార్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. ట్రక్కు వెనక ఉన్న ఓట్స్ సంచుల మీద టార్పాలిను లాగి కట్టాడు.

"సోమవారం అంగడికి తిప్పి పంపేస్తా. గడ్డి కోతల దాకా మడి నీది. ఇంతకీ ఏ మందు పోశావు? చెప్పు, నేనూ కొనుక్కుంటా."

తోర్వాల్ వారం పొడుగునా ఒక్కో మందునీ ఆ మొదటి గుండు మూలాన పనికిరాదని పక్కన పెట్టాడు. పెట్టినవాటిలో ఏది నిజంగా చెడ్డదో, ఏది చేతిలో ఉన్నదానికన్నా మంచిదో ఇప్పుడెవరికి తెలుసు?

"ఇంకా తెలీదయ్యా," అన్నాడు. కళ్ళు అప్పుడే మెరుస్తున్నాయి. "అన్నీ మళ్ళీ మొదటినుంచీ అడగాలి."

"మళ్ళీనా!" అంటూ ఐడెల్లా మడత కుర్చీ ఎండలోకి జరుపుకుంది.