ఆల్సీడ్ వద్దన్న ఫ్లూ సూది

మా ఆసుపత్రిలో ఆల్సీడ్ డేగల్‌ను ఎరగనివాళ్లు లేరు. పేషెంట్లను మంచం మీదో చక్రాల కుర్చీలోనో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడం అతని పని. తలుపు దాటాలంటే కాస్త వంగాల్సినంత పొడుగు మనిషి. కుర్రతనంలో బంగాళదుంపల పీపాలను ఒక్కడే లారీకి ఎక్కించేవాడని మా లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆపరేషన్‌కు వెళ్తూ వణికిపోయే ముసలమ్మలకు ఫ్రెంచి పాటలు పాడి నవ్వించేవాడు. "నేనిక్కడే ఉంటానమ్మా, ఎక్కడికీ పోను" అని థియేటర్ తలుపు దగ్గర మాటిచ్చి, నిజంగానే నిలబడే రకం.

నా పేరు లొరేన్ సీర్. ఉద్యోగుల క్లినిక్‌లో నర్సును. అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి ఈ చివర, నది దాటితే కెనడా వచ్చే ఊళ్లో, ఏటా అక్టోబరు నుంచి అందరికీ ఫ్లూ టీకా వేసేది నేనే. ఇదివరకు ఎవరైనా వద్దంటే నాలుగు మాటలు చెప్పి వదిలేసేదాన్ని. కానీ కిందటి చలికాలం రెండో అంతస్తులో ఫ్లూ పాకి ఇద్దరు పేషెంట్లు పోయారు. అది మాలో ఎవరి నుంచి అంటుకుందో ఎవరికీ తెలియదు. ఆ బాధ అందరికీ ఉంది. అందుకే ఈ ఏడు కొత్త నియమం వచ్చింది. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ల దాకా అందరూ వేయించుకోవాలి. నవంబరు దాటితే టీకా లేనివాళ్లు గుమ్మం తొక్కకూడదు.

మొదటి వారమే సగం మంది వచ్చి వేయించుకుపోయారు. ఆల్సీడ్ మాత్రం రాలేదు. నేను టీకాల బండి తోసుకుంటూ వార్డులకు వెళ్తే, ఆ చివర ఖాళీ కుర్చీతో కనిపించి, నన్ను చూడగానే గిర్రున వెనక్కి తిరిగేవాడు. ఒకరోజు లిఫ్టు దగ్గర దొరకబుచ్చుకున్నాను.

"ఏం ఆల్సీడ్, నా ముఖం చూడబుద్ధి కావట్లేదా?"

"అబ్బే, పనిలో ఉన్నా లొరేన్."

"చొక్కా చెయ్యి పైకి లాగు. నిమిషం పట్టదు."

అతను గోడకు ఆనుకున్నాడు. చుట్టూ చూశాడు. ఎవరో వింటున్నారని గొంతు పెంచి, "ఎవడో పైనుంచి ఆర్డరేస్తే నేను పొడిపించుకోను. నా ఒళ్లు నా ఇష్టం!" అన్నాడు.

విన్నది ఎవరో కాదు, గేటన్ మిషో. ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తుంది, మా యూనియన్ నాయకురాలు. యాజమాన్యంతో గొడవ లేకపోతే ఆమెకు అన్నం సయించదు. ఆ నియమం మీద ఆమెకు ముందే ఒళ్లు మండుతోంది. మమ్మల్ని ఒక్కమాట అడక్కుండా తెచ్చారన్నది ఆమె బాధ. ఊరంతా ఇష్టపడే మనిషి నోట ఆ మాట వచ్చేసరికి పండగైపోయింది. మర్నాటికల్లా భోజనాల హాలు గోడ మీద ఆల్సీడ్ ఫోటో. కింద "మేమంతా ఆల్సీడ్ వెంటే!" అని పెద్ద అక్షరాలు. వారం తిరిగేసరికి జనం చొక్కాలకు అదే మాట రాసిన బిళ్లలు కూడా పెట్టుకున్నారు. అతను మాత్రం ఆ ఫోటో కిందనుంచి వెళ్లేటప్పుడు తల దించుకునేవాడు. అది వినయమనుకున్నారు అందరూ.

నేనూ అలాగే అనుకునేదాన్ని, అతని భార్య జనీన్ నా గదికి రాకపోతే. ఆమె ఆసుపత్రి వంటింట్లోనే పనిచేస్తుంది. పిండి చేతులతోనే వచ్చి తలుపు వేసింది.

"లొరేన్, మా ఆయనకి హక్కూ లేదు, గిక్కూ లేదు. సూదంటే భయం."

"అంత మనిషికా?"

"అంత మనిషికే! పెళ్లికి ముందు రక్తం తీస్తామంటే మా నాన్న మీద పడిపోయాడు. మా పెద్దకూతురు పుట్టేటప్పుడు నాకు సెలైన్ పెడుతుంటే చూసి ధబ్బున కూలాడు. నర్సులందరూ నన్నొదిలేసి ఆయన చుట్టూ చేరారు. నొప్పులు నావీ, సేవలు ఆయనకీ!"

నాకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వింది కానీ కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడేమో ఊరంతా వీరుణ్ణి చేసి కూర్చోబెట్టారు. రాత్రిళ్లు నిద్రపోవట్లేదు. నేను చెప్పానని మాత్రం అనకు, సిగ్గుతో చస్తాడు."

మాటిచ్చాను. అతను అడగకుండా ఎలా సాయం చెయ్యాలో మాత్రం తోచలేదు.

ఆ రోజుల్లోనే రెండో అంతస్తులో యూడోరా పెల్టియే అనే ఆవిడ ఉండేది. జీవితమంతా బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్నా నోటికి మాత్రం అడ్డేమీ లేదు. ఆల్సీడ్ ఆమెను రోజూ పరీక్షలకు తీసుకెళ్లేవాడు. ఒకరోజు కుర్చీలో కూర్చోబెడుతుంటే అడిగింది:

"ఏరా, నాకు ఈసారి ఫ్లూ వస్తే తట్టుకోలేనని డాక్టరు చెప్పాడు. నువ్వు టీకా వేయించుకున్నావు కదా?"

"ఆఁ, వేయించుకున్నానండీ" అన్నాడు ఆల్సీడ్.

ఆవిడ హాయిగా అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యే తనను కాల్చేసిందని తర్వాత నాతో చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల హాల్లో యూనియన్ మీటింగు. గేటన్ బల్ల పక్కన నిలబడి అరగంట దంచేసింది. పని చేసేవాళ్ల గౌరవం గురించి ఆమె చెప్పినవాటిలో నిజమూ లేకపోలేదు. చివర్లో, "మనలో ధైర్యం ఎవరిదో మీ అందరికీ తెలుసు. ఆల్సీడ్, లేచి రెండు ముక్కలు చెప్పు!" అంది. చప్పట్లు మోగాయి.

ఆల్సీడ్ లేచాడు. టోపీ తీసి నలిపాడు. వంటింటి కిటికీలోంచి జనీన్ చూస్తోంది.

"నాకు ధైర్యం లేదు గేటన్" అన్నాడు. "హక్కుల సంగతి నువ్వే చెప్పాలి, నాకు తెలీదు. నాకు సూదంటే భయం. చిన్నప్పట్నుంచీ అంతే. చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి ఇంకేదో కూశాను. నిన్న పైనున్న పెల్టియే మేడమ్ అడిగితే వేయించుకున్నానని అబద్ధం చెప్పాను. ఆవిడ నమ్మింది. ఆవిడకేమైనా అయితే..." టోపీ ఉన్న చెయ్యి గోడవైపు చాపాడు. "ఆ ఫోటో తీసేయండి."

అప్పుడు వెనకనుంచి, బట్టలుతికే విభాగంలో పనిచేసే ముసలి ఫెర్నాండ్ చెయ్యెత్తాడు. "నాకూ భయమే. బిళ్ల పెట్టుకుంది అందుకే." ఇంకో మూల ఇంకొకరు. వాళ్ల వెనక కొత్తగా చేరిన నర్సు. ఇతరులకు సూదులు గుచ్చే పిల్ల! జనం గొల్లున నవ్వారు. ఎగతాళి నవ్వు కాదది, బరువు దిగిన నవ్వు.

గేటన్ ముఖం ఎర్రబడింది. "ఈ ముక్క ముందే నాకు చెప్పి ఏడవచ్చుగా, మొద్దు సన్నాసీ!" అంది. గుక్క తిప్పుకుని నావైపు తిరిగింది. "లొరేన్, ఇలాంటివాళ్లను వరసలో నిలబెట్టి పొడిస్తే ఎలా? పడుకోబెట్టి వెయ్యలేవా?"

"గదీ, టైమూ ఇప్పిస్తే ఎందుకు వెయ్యను?"

"ఇప్పిస్తా. ఆ టైముకి జీతం కూడా ఇప్పిస్తా" అంటూ అక్కణ్ణించే మేనేజరు గదికి బయలుదేరింది. ఆమెకు దక్కాల్సిన పోట్లాట ఆమెకు దక్కింది, గెలిచింది కూడా.

ఆ గురువారం వ్యాయామం చేయించే గదిలో నేల మీద పరుపులు పరిచాం. కిటికీలకు తెరలు వేశాం. జనీన్ వేడివేడి కోడికూర గిన్నె తెచ్చి మూలన పెట్టింది. ఆల్సీడ్ ఒక పరుపు నిండా పడుకున్నాడు, కాళ్లు బయటికొచ్చాయి. తల జనీన్ ఒళ్లో. పాదాలు గేటన్ పట్టుకుంది.

"పారిపోతాననుకుంటున్నావా?"

"నీ సంగతి నాకిప్పుడు బాగా తెలిసింది. నోరు మూసుకుని కళ్లు మూసుకో" అంది గేటన్.

"కళ్లు మూస్తాను. నోరు మాత్రం మూయను" అని పాటెత్తుకున్నాడు. జనీన్ కూడా కలిసింది. రెండో చరణంలో నేను చల్లటి దూదితో తుడిచి, సూది దించి, తీసేశాను. అతను పాడుతూనే ఉన్నాడు. పాట అయ్యాక పళ్లు బిగించి, "ఊఁ, ఇక పొడువు" అన్నాడు.

"ఎప్పుడో అయిపోయింది నాయనా."

ఒక కన్ను తెరిచి భుజం మీది చిన్న పట్టీని చూసుకున్నాడు. అంతే, కళ్లు తేలేశాడు. పడుకునే ఉన్నాడు గనుక పడడానికి చోటు లేదు. తేరుకున్నాక జనీన్ కోడికూర తినిపించింది. ముప్పై ఏళ్ల కాపురంలో తానింత గర్వపడ్డ రోజు లేదని అతని చెవిలో చెప్పింది. నేను వినలేదన్నట్టు సూదుల డబ్బా సర్దుకున్నాను.

అక్కణ్ణించి అతను తిన్నగా రెండో అంతస్తుకు వెళ్లాడు. మూతికి మాస్కు కట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. పెల్టియే మేడమ్ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుంది.

"నా క్లాసులో అయితే బెంచీ ఎక్కించేదాన్ని" అంది. "టీకా ఒంటికి పట్టడానికి రెండు వారాలంటారు. అందాకా నా గది లోపల అడుగు పెట్టకు."

"అలాగేనండీ."

"కానీ రోజూ వచ్చి గుమ్మం దగ్గర కనిపించు. లేకపోతే నాకు తోచదు."

రోజూ వెళ్లాడు. పని దిగే ముందు కుర్చీ ఒకటి వరండాలో వేసుకుని, ఊళ్లో ఎవరి ట్రాక్టరు మంచులో దిగబడిందో, నది ఎక్కడిదాకా గడ్డకట్టిందో గట్టిగా చెప్పేవాడు. ఆవిడ లోపల్నుంచి తప్పులు దిద్దేది. గడువు తీరిన రోజు తనే లోపలికి పిలిచి, "చెయ్యి ఇలా తే" అని అతని అరచేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

డిసెంబరు మధ్యలో ఆవిడ ఇంటికి వెళ్లింది. బయట మంచు పొడిపొడిగా రాలుతోంది. ఆల్సీడ్ ఆవిణ్ణి దుప్పటితో సహా ఎత్తి, ఆవిడ తమ్ముడి కారులో మెల్లగా కూర్చోబెట్టాడు. గొట్టం నలగకుండా సర్దాడు. కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, చొక్కా మీది మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. మూడో అంతస్తులో ఎవరో పేషెంటు అతనికోసం ఎదురుచూస్తున్నారు.