ఎడమ గట్టు

మా తోడికోడలిది అడవులు కొలిచే ఉద్యోగం. ఆ కొలతలతో పటాలు గీసే ఉద్యోగం నాది. ఒకే ఆఫీసు, ఒకే వంటిల్లు. కొండల నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ అన్నాల దగ్గర ఆవిడగారి లోయ పురాణం మొదలవుతుంది. నిలువు బండల మధ్య నది పచ్చగా ఉందట, నీటి హోరులో పక్కమనిషి మాట వినబడదట. మా అత్తగారు వడ్డన మరిచి నోరు తెరుచుకుని వింటారు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకుంటాను. పదకొండేళ్లుగా ఆ లోయను గీస్తున్నది నేను. మోకాళ్లు అరిగి మేడ మెట్లే ఎక్కలేను. దాన్ని ఒక్కసారైనా చూడలేదు.

నా ఆశల్లా ఎడమ గట్టు వెంట కారు రోడ్డు వేయాలన్న పాత ప్రతిపాదన మీదే. ఆ గట్టు రక్షిత అడవిలో కలిస్తే రోడ్డు మాట ఇక ఉండదు. హద్దు పటం శుక్రవారం సంతకాలకు వెళ్లాలి.

గురువారం ఆమె నోటుబుక్కులో తప్పు కనబడింది. నది గట్ల కుడి ఎడమలు నీళ్లు పారే వైపు తిరిగి చెప్పాలి. మహాతల్లి నదికి ఎదురు నడుస్తూ తన చేతుల లెక్కన రాసేసింది: "కుడి గట్టున ముదురు అడవి. ఎడమ గట్టు బోడి బండ, వదిలేయవచ్చు." నిజానికి అడవి ఉన్నది ఎడమ గట్టునే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, రాసింది రాసినట్టే గీశాను. రోడ్డూ వస్తుంది, ఆమె పరువూ పోతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

ఆ సాయంత్రం ఆగలేక అడిగాను. "రోడ్డు పడితే నేనూ చూడొచ్చు కదే?"

"ఆ చెట్లన్నీ కొట్టేస్తేనే కదక్కా రోడ్డు పడేది? ఇంక నువ్వెళ్లి చూసేదేముంటుంది?"

తెల్లారి ఆఫీసుకు ముందే వెళ్లి హద్దు మార్చాను. రోడ్డు చుక్కల గీతను నా చేత్తోనే చెరిపాను.

సంతకాల మీటింగులో మారిన హద్దు చూడగానే ఆమె లేచి, "తప్పు నాదండీ, అక్క పట్టుకుంది," అని చెప్పేసింది. ఆ నిజాయితీకి చప్పట్లు కూడా ఆమెకే. నాకు ఒళ్లు మండింది.

ఇంట్లో అన్నాల దగ్గర ఆమె లోయ మాట ఎత్తబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

"చెప్పవే," అన్నాను. "ఎడమ గట్టు నుంచి మొదలుపెట్టు. ఈసారైనా నీళ్లు పారే వైపు తిరిగి చెప్పు. నేను చూడాలి."