పొద్దుటి ఫోను

ఆ రాష్ట్రంలో ఒక మర్యాద ఉంది. అత్యున్నత న్యాయస్థానంలోని ఏడు కుర్చీల్లో ఒకటి ఖాళీ అయితే, ఎంపిక సంఘం దరఖాస్తులన్నీ వడపోసి మూడు పేర్లు గవర్నర్‌కి పంపుతుంది. ఆ ముగ్గురిలో ఒకరిని గవర్నర్ కూర్చోబెడతాడు. ప్రకటించే రోజు, కుర్చీ దక్కనివాళ్ళకి ఆయనే స్వయంగా పొద్దున్నే ఫోన్ చేసి చెబుతాడు. దక్కినవాళ్ళకి మధ్యాహ్నం చేస్తాడు. రేడియోలో విని తెలుసుకునే గతి ఎవరికీ పట్టకూడదని ఎప్పుడో ఎవరో పెద్దమనిషి పెట్టిన పద్ధతి. అందుకని ఆ రోజు పొద్దున ఫోను మోగిందంటే ఇక అడగడానికేమీ ఉండదు.

వెల్టన్ జిల్లా కోర్టు జడ్జి అర్లిస్ కాడ్లెక్‌కి ఆ పొద్దుటి ఫోను ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ తొమ్మిదింపావు లోపే. గవర్నర్లు మారారు గాని మాట మారలేదు: "చాలా కష్టమైన నిర్ణయం అనుకోండి." మూడోసారి గవర్నర్ నోరు తెరిచేలోపు ఆ మాట అర్లిసే అనేసింది.

చట్టం మూడు పేర్లు కావాలంటుంది. రాజధానిలో రెండు పేర్లకి కరువు లేదు. మూడోది పడమటి జిల్లాల నుంచి ఉంటే అటువైపు వాళ్ళు నోరు మూసుకుంటారు. అందుకే కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా సంఘం కార్యదర్శి వెర్లా ఫోన్ చేసేది. "ఒక్క పేరు తగ్గింది తల్లీ, నువ్వుంటే నిండుగా ఉంటుంది" అనేది. కూరలో కరివేపాకు అంటే ఏమిటో అర్లిస్‌కి ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా ప్రతిసారీ దరఖాస్తు నింపేది, మంచులో ఐదు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళేది, అవే ప్రశ్నలకి అవే జవాబులు చెప్పి వచ్చేది.

ఎందుకు వెళ్ళేదంటే దానికో కారణం ఉంది. పంతొమ్మిదేళ్ళ క్రితం ఆవిడ ముందుకి ఒక కేసు వచ్చింది. తల్లి చనిపోయింది. మారుతండ్రి పెంచిన కుర్రాణ్ణి ఎన్నడూ మొహం చూడని కన్నతండ్రి వచ్చి తీసుకుపోతానన్నాడు. పెంచినవాడికి కనీసం అడిగే హక్కుందని అర్లిస్ తీర్పు రాసింది. పైకోర్టు ఏడుగురూ కలిసి దాన్ని కొట్టేశారు. కన్నతండ్రి వచ్చి అడిగాక మారుతండ్రికి కోర్టు గడప తొక్కే అర్హతే లేదన్నారు. కుర్రాణ్ణి కారెక్కిస్తుంటే ఒక కాలి బూటు ఊడి కోర్టు మెట్ల మీద ఉండిపోయింది. కిటికీలోంచి ఆవిడ చూసింది. ఆ ఏడుగురిలో ఒకరిగా కూర్చుని ఆ తీర్పుని తిరగరాయాలన్నది అప్పటినుంచీ ఆవిడకున్న ఒకే ఒక్క కోరిక. పోయినసారికి ఆ కోరిక కూడా అలిసిపోయింది. ఇప్పుడావిడకి అరవై నాలుగు. అరవై ఐదు దాటినవాళ్ళని ఏ గవర్నరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టిన దాఖలా లేదు. ఈ నాలుగోసారే ఆఖరు.

ప్రకటన ఫిబ్రవరిలో ఒక శుక్రవారం అన్నారు. ఆ శుక్రవారమే పది గంటలకి లైల్ స్ప్రాకెల్ కేసు ఉంది. తలరాత ఎవరో కూర్చుని కావాలని రాసినట్టే ఉంది. లైల్ పశువుల లారీ తోలతాడు. భార్య కోరీన్ నవంబరులో పోయింది. ఆమెకి మొదటి పెళ్ళిలో పుట్టిన టెసాని రెండేళ్ళప్పటి నుంచీ పెంచాడు. ఇప్పుడా పిల్లకి పదకొండు. పిల్లని అప్పగించమని నెవాడా రాష్ట్రం నుంచి కన్నతండ్రి లాయరు కాగితాలు పంపాడు. తన దగ్గరే ఉంచమని లైల్ దరఖాస్తు పెట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకి అర్లిస్ తన సెల్‌ఫోను కోర్టు బంట్రోతు డెల్మార్ హ్రూబీ చేతిలో పెట్టింది. డెల్మార్‌కి డెబ్భై దాటాయి. ఆవిడ బెంచి ఎక్కిన రోజు నుంచీ ఆవిడతోనే ఉన్నాడు.

"మోగితే చీటీ మీద 'వచ్చింది' అని రాసి ఇవ్వు. మొహం మాత్రం వేలాడెయ్యకు," అంది.

"నా మొహం పుట్టుకతోనే అంత జడ్జిగారూ," అన్నాడు డెల్మార్.

తొమ్మిదింపావు అయింది. తొమ్మిదిన్నర అయింది. పది గంటలకి ఆవిడ బెంచి ఎక్కేసరికి కూడా ఫోను మోగలేదు. లైల్ ఎవరిదో కోటు తొడుక్కుని వచ్చాడు, చేతులు పొట్టివి. టెసాకి గుర్రాల దాణాలో బెల్లపుపాకం ఎంత కలపాలో తెలుసునని, రాత్రిళ్ళు వాళ్ళమ్మ స్వెట్టరు వేసుకుని పడుకుంటుందని, బళ్ళో భిన్నాల లెక్కలు తనే చెబుతాడని, అవి తనకీ రావని చెప్పాడు. స్పీకరు ఫోన్లో నెవాడా లాయరు ఒక్కటే మాట పట్టుకున్నాడు: ఈయనకి అడిగే అర్హతే లేదు, మీ పైకోర్టే చెప్పింది. ఆ మాట నిజమే. అర్లిస్ రాసుకుంటూనే ఓరకంట డెల్మార్ వైపు చూసింది. అతని చేతిలో చీటీ లేదు.

పదకొండున్నరకి విరామం. తీర్పు ఒంటిగంటకి.

"ఫోను చెడిపోలేదు కదా?" గదిలోకి వెళ్ళగానే అడిగింది.

"మా ఆవిడ చేత రెండుసార్లు చేయించా. రెండుసార్లూ మోగింది. రెండోసారి నన్ను తిట్టింది కూడా." డెల్మార్ గొంతు తగ్గించాడు. "జడ్జిగారూ, పొద్దు దాటింది."

"తెలుసు."

"అంటే..."

"అంటే ఏమీ లేదు. నోటితో అనకు."

కాని కోర్టు చిన్నది, ఊరు అంతకన్నా చిన్నది. కింద రికార్డు గదిలో ఆడవాళ్ళకి అప్పుడే తెలిసిపోయింది. ఒకామె మెట్ల దగ్గర ఎదురై ఆవిడ చెయ్యి నొక్కి వెళ్ళింది. శుక్రవారాలు చర్చి ఆడవాళ్ళు కోర్టు కింది అంతస్తులో చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర వండి పెడతారు. డెల్మార్ ఒక గిన్నెడు చిల్లీ, పక్కన అలవాటు ప్రకారం దాల్చినచెక్క రొట్టె తెచ్చాడు. ఇలాంటి రోజుల్లో ఆవిడకి ఎప్పుడూ ముద్ద దిగదు. ఈరోజు రొట్టె మొత్తం తినేసి వేళ్ళకంటిన పంచదార కూడా నాకింది. పన్నెండు దాటింది. ఆశ చెడ్డదని ఎవరన్నారో గాని, ఆ గంట మాత్రం అది మంచిగానే ఉంది. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, ఆ పాత తీర్పుని కొట్టేస్తూ రాయబోయే మొదటి వాక్యం ఆలోచించుకుంది. పాతికేళ్ళ వయసు తిరిగొచ్చినట్టు అనిపించి తనలో తనే సిగ్గుపడింది.

అక్కడే తప్పు చేసింది.

ఈరోజు తీర్పిస్తే లైల్‌కి వ్యతిరేకంగానే ఇవ్వాలి. ఇవ్వకుండా పక్కన పెడితే, తన తర్వాత ఇక్కడికి వచ్చే జడ్జి ఇస్తాడు. అది పైకి వెళ్తుంది. అప్పటికి తను పైన ఉంటుంది. కింద తీర్పిచ్చింది తను కాదు కనక ఆ అప్పీలు వినడానికి తనూ కూర్చోవచ్చు. లెక్క కుదిరింది గాని, అది నిక్కచ్చి పని కాదని ఆవిడకి తెలుసు. ఇరవయ్యారేళ్ళలో ఒక కేసుని తన అవసరం కోసం జేబులో వేసుకోవడం ఇదే మొదలు.

ఒంటిగంటకి బెంచి ఎక్కి, ఆలోచించుకోవడానికి సమయం కావాలని, తీర్పు అరవై రోజుల్లో వస్తుందని చెప్పింది.

లైల్ లేచి నిలబడ్డాడు. "అమ్మగారూ, ఆగడమంటే మాకు మంచిదా, చెడ్డదా?"

అలాంటి ప్రశ్నకి జడ్జి జవాబు చెప్పకూడదు. "ఆగడం చెడ్డది కాదు," అంది అర్లిస్.

అతను రెండు చేతులతోనూ మొహం కప్పుకున్నాడు. తర్వాత కోటు సవరించుకుని, బడి దగ్గరికెళ్ళి పిల్లకి చెప్పి వస్తానంటూ పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

రెండు ముప్పావుకి డెల్మార్ తలుపు కొట్టకుండా లోపలికి వచ్చాడు. అతని చేతిలో చీటీ లేదు, ఫోను ఉంది, అది మోగడం లేదు.

"మా ఆవిడ రేడియోలో విందట," అని నీళ్ళు నమిలాడు.

"ఎవరు?"

"ప్రెస్టన్ వాల్‌గ్రెన్. గవర్నర్‌గారి సొంత లాయరు."

అర్లిస్ కుర్చీలోంచి లేవలేదు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. డెల్మార్ చేతిలోంచి ఫోను తీసుకుంది. తనే వెర్లాకి ఫోన్ చేసింది.

"అయ్యో తల్లీ!" అంది వెర్లా. "నీకెవరూ చెప్పలేదా? గవర్నర్ ఆఫీసువాళ్ళు చేశారని నేననుకున్నా. నేను చేశానని వాళ్ళనుకున్నారట. పాపం, అందరూ నీకు తెలుసనే అనుకున్నారు."

"ఏం తెలుసని?"

"అంటే... నీకు రాదని."

తిలాపాపం తలా పిడికెడు. ఎవరి మీదా కోపగించుకోవడానికి వీల్లేదు. రెండో పేరువాడికి పొద్దున ఎనిమిదిన్నరకే గవర్నర్ ఫోన్ చేశాడట. మూడో పేరుకి చెయ్యాలన్న ధ్యాసే ఎవరికీ రాలేదు.

"ఇంకో మాట," వెర్లా గొంతు మెత్తబడింది. "మార్చిలో ఇంకొకాయన దిగిపోతున్నాడు. ఇప్పుడే చెప్పకూడదనుకో. పడమటి వైపు నుంచి మళ్ళీ ఒక్క పేరు..."

"వెర్లా."

"ఊఁ?"

"వేరే పేరు వెతుక్కో. నాది అరిగిపోయింది."

ఫోను పెట్టేశాక ఆవిడ చాలాసేపు బల్ల మీద లైల్ స్ప్రాకెల్ ఫైలునే చూస్తూ కూర్చుంది. పొద్దుట తొమ్మిదింటికి ఆ ఫోను వచ్చి ఉంటే ఈ ఫైలు మీద ఒంటిగంటకే సంతకం పడేది. రాలేదు కనక ఈవిడ ఆశపడింది. తను ఆశపడి ఊరుకోకుండా ఆ లారీవాడికీ పంచింది. వాడు ఈపాటికి బడి ముందు మంచులో నిలబడి పిల్లకి ఆ మాటే చెబుతుంటాడు. తనకి జరిగినదానికన్నా అది తలుచుకుంటేనే ఆవిడకి ఎక్కువ సిగ్గేసింది.

"డెల్మార్, లైల్‌ని పిలిపించు. ఆ నెవాడా లాయర్ని ఫోన్లోకి తీసుకో. ఐదు లోపల."

"ఈరోజేనా? అరవై రోజులన్నారుగా. ఈ ఒక్కరోజూ ఇంటికెళ్ళి పడుకోండి జడ్జిగారూ."

"చెడ్డ కబురు పొద్దున్నే చెప్పాలి. పొద్దు దాటిపోయింది, కనీసం చీకటి పడకముందైనా చెప్పాలి."

నాలుగున్నరకి వచ్చారు. ఈసారి టెసా కూడా ఉంది. వీపున పుస్తకాల సంచీ, బూట్లకి మంచు. లైల్ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా ఆరిపోలేదు. అర్లిస్ తీర్పు చదివింది. పైకోర్టు మాట ఉన్నంతవరకూ మారుతండ్రికి అడిగే అర్హత లేదు, దరఖాస్తు కొట్టేస్తున్నాను. పైకోర్టు మాట తప్పు. పంతొమ్మిదేళ్ళ క్రితం ఎందుకు తప్పో రాశాను, ఇప్పుడూ అందుకే తప్పు. ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. చేసుకుంటే అది తేలేదాకా పిల్ల ఇప్పుడున్న ఇంట్లోనే ఉండాలి. నెవాడా లాయరు అభ్యంతరం అన్నాడు. "రాసుకున్నాను," అంది ఆవిడ.

లైల్ లేవలేదు. కూర్చునే అడిగాడు. "మరి మధ్యాహ్నం ఆగడం చెడ్డది కాదన్నారెందుకు?"

డెల్మార్ అతన్ని ఆపబోయాడు. అర్లిస్ వద్దని చెయ్యెత్తింది. ఇరవయ్యారేళ్ళలో ఆ బెంచి మీద నుంచి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

"నాకొక ఫోను వస్తుందనుకున్నాను. అది వస్తే మీకేమైనా చెయ్యగలననుకున్నాను. ఆ ఆగడం మీకోసం కాదు, నాకోసం. అలా అనకూడదు. పొరపాటు నాది."

"వచ్చిందా?"

"రాలేదు."

లైల్ పొట్టి కోటు చేతుల్ని కిందికి లాక్కున్నాడు. "కోరీన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఫోన్ చేస్తామన్నారమ్మగారూ. లారీ ఆపుకుని మోగుతుందేమోనని చూస్తూ కూర్చున్నా. నర్సు డాక్టరు చేశాడనుకుంది, డాక్టరు నర్సు చేసిందనుకున్నాడు. చివరికి నేనే వెళ్ళా. మంచం మీద దుప్పట్లు మార్చేసి ఉన్నాయి." అతను పిల్ల చెయ్యి అందుకుని లేచాడు. "మీరు కబురుపెట్టి మరీ పిలిచి చెప్పారు. అది చాలు."

చాలదని ఆవిడకి తెలుసు. అయినా అతను ఆ మాట అన్నందుకు ఆవిడకి అప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చాయి, పొద్దుటి నుంచీ రానివి. టెసా గుమ్మం దగ్గర ఆగి, ఊడిన బూటు తాడు కట్టుకుని, లైల్ వెనకాలే వెళ్ళింది.

అర్లిస్ నల్లగౌను విప్పకుండానే పెన్ను తీసింది. తీర్పు చివర, పైకోర్టు ఏడుగురికీ అర్థమయ్యే భాషలో, వాళ్ళ మాట ఎందుకు తప్పో ఇంకో రెండు పేజీలు చేత్తో రాసి డెల్మార్‌కి ఇచ్చింది.

"అప్పీలు వేసిన రోజే ఇది పైకి పంపు. పంతొమ్మిదేళ్ళనాటి నా తీర్పు కూడా జతచెయ్యి."

డెల్మార్ పేజీలు తిరగేశాడు, కనుబొమలు లేచాయి. "ఏడుగురూ చదువుతారు. వాళ్ళకి కోపమొస్తుంది జడ్జిగారూ."

"వస్తే ఫోన్ చేస్తారు," అంది అర్లిస్, బల్ల మీద దీపం ఆర్పుతూ. "పొద్దున్నే చెయ్యమను."