ఆరు పింగాణి పళ్ళు

మల్లప్ప ఊళ్ళో నవ్వేవాళ్ళకు కొదవ లేదు గాని, తెల్లగా నవ్వేవాడు ఒక్కడూ లేడు. అక్కడి బావినీళ్ళ గుణం అది. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేసరికే వాటిమీద ఇటుకరంగు చారలుండేవి. ఎంత తోమినా వేపపుల్ల అరిగేదే తప్ప గార పోయేది కాదు. ఆ పళ్ళు చూసి పైఊళ్ళ వాళ్ళు పిల్లనివ్వడానికి జంకేవారు. మల్లప్పకు రెండు సంబంధాలు అలాగే తప్పిపోయాయి. మూడోదానికి అతనే పోలేదు. తల్లి కూడా పోయాక నలభై ఏళ్ళ మనిషి గొర్రెలతో, గొంగళ్ళు నేసే మగ్గంతో మిగిలాడు. ఇంట్లో పలకరించే దిక్కులేక గొర్రెలనే తిడుతూ పొద్దుపుచ్చేవాడు.

వారానికి ఒక్కరోజే అతనికి మనిషి తోడు. మోత్కూరు అంగట్లో అతను గొంగళ్ళు పరిచే జాగా పక్కనే జానమ్మ పుట్నాలు, పేలాలు అమ్మేది. మొగుడు పోయిన మనిషి. వాళ్ళ ఊరి నీళ్ళూ అలాంటివే, ఆమె పళ్ళూ అలాంటివే. ఇద్దరిదీ ఒకటే కులం, మారుమనువుకు అడ్డుపడేవాళ్ళు లేరు. బేరానికి వచ్చినవాళ్ళతో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేది. వాళ్ళు అటు పోగానే కొంగు దించేసి, వాళ్ళ మాటను వెక్కిరిస్తూ మల్లప్పవైపు తిరిగి పళ్ళన్నీ కనపడేలా నవ్వేది. అంగట్లో అందరినీ అన్నా, తమ్మీ అని పిలిచే మనిషి ఇతన్ని మాత్రం "గొంగళ్ళాయినా" అనేది. ఆ తేడా ఎందుకో మన బుద్ధిమంతుడికి ఏనాడూ తట్టలేదు.

ఒక అంగడినాడు ఎదుటి దుకాణంలో పళ్ళపొడి బొమ్మ కట్టారు. అందులో ఒక పిల్ల నవ్వుతోంది.

"ఎంత తెల్లగున్నయో సూడు, గొంగళ్ళాయినా," అంది జానమ్మ.

మనువు మాట అడగాలని ఏడాదిగా అనుకుంటున్న మల్లప్ప, నోటిదాకా వచ్చినదాన్ని అక్కడే మింగేశాడు. ఈ పళ్ళతో అడిగితే ఇదీ తప్పిపోతుందని భయపడ్డాడు.

దారి చూపింది ఊరి పంతులు రామచంద్రం. "పట్నంల పింగాణి తొడుగులేస్తరు మల్లప్పా. చాయ్ కప్పుల లెక్క మెరుస్తయి."

మల్లప్ప పొట్టేళ్ళను అమ్మేశాడు. మందను చిన్నాయన కొడుకు ఐలేశానికి అప్పజెప్పి పట్నం బస్సెక్కాడు. పళ్ళ డాక్టరు మంచివాడే, ముందే చెప్పాడు. "తొడుగు పట్టాలంటే పళ్ళు అరగదీయాలి. అరగదీసినవి మళ్ళీ పెరగవు. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించిన సారూ. నవ్వితే అవుపడేటియి ఏస్తే సాలు."

పైన ఆరు పళ్ళకు వేశారు. మూడు అంగళ్ళు తప్పిపోయాయి. నాలుగో అంగడికి మల్లప్ప ఉతికిన రుమాలు చుట్టుకుని, గొంగళ్ళ మూట దింపకుండానే జానమ్మ ముందు నిలబడి నవ్వాడు.

జానమ్మ చెయ్యి దానంతటదే లేచి, కొంగును నోటికి అడ్డం తెచ్చింది.

ఎవరైనా బేరానికి వచ్చారేమోనని మల్లప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"నేనే, జానమ్మా."

"ఎరికే." కొంగు చాటునుంచే అంది. "మంచిగున్నయి. పట్నపోళ్ళ లెక్కనే ఉన్నయి."

"నీ కోసమే ఏయించుకున్న. నిన్నొక మాట అడుగుదామని."

జానమ్మ గంపలో పుట్నాలను చేత్తో కలుపుతూ కూర్చుంది.

"గా మాట గప్పుడే అడుగకపోతివి," అంది చివరికి. "నేను నోరు తెరిసి నవ్వింది నీ ఒక్కని ముంగటనే. ఇగ నీ పక్కన నిలబడితే సూసేటోళ్ళు నా నోరే సూస్తరు. నాకే సిగ్గయితాంది. నీకిగ మంచి పిల్ల దొరుకుతది, పో అన్నా."

అన్నా అంది. ఇన్నేళ్ళలో ఏ పిల్ల తండ్రి కాదన్నప్పుడూ మల్లప్పకు ఇంత దుఃఖం రాలేదు. మూట కింద పడేసి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. రెండు వేళ్ళతో కింది పెదవిని గడ్డం దాకా లాగి పట్టుకున్నాడు.

"గిటు సూడు జానమ్మా. కిందియి గవే ఉన్నయి. ఒక్కదాన్ని సుత ముట్టనియ్యలే."

జానమ్మకు నవ్వాగలేదు. భుజాలు కదిలిపోయేలా, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. పెదవి వదలకుండానే మల్లప్ప ఆ నవ్వంతా విన్నాడు. కొంగు మాత్రం దిగలేదు.