ఖాళీ అని రాసిన మైదానం

రోడ్డు కొలిచేవాళ్లు జీపు దిగీ దిగగానే మైదానంలో మా బట్టల తాడు కోసేశారు. అప్పుడే ఉతికి ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లన్నీ బురదలో పడ్డాయి. వాటిని ఉతికిన చేతులు నావి.

"ఖాళీ స్థలంలో తాళ్లేంటమ్మా? గని రోడ్డు ఇక్కణ్ణుంచే పోతుంది. కాగితం చూసుకోండి" అన్నాడు టేపు పట్టుకున్నవాడు.

చూశాం. 'ప్రస్తుతం దేనికి వాడుతున్నారు' అన్న చోట భూముల ఆఫీసరు చేతిరాతతో ఒకటే మాట: ఖాళీ.

ఆ మాట ఎలా వచ్చిందో చెబితే నవ్వుతారు. నవ్వండి, తప్పు మాదే. రెండు నెలల కిందట స్థలం చూడ్డానికి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. పెద్దమనిషి తలకు తడిబట్ట తగిలితే ఏం బాగుంటుందని మేమే తాళ్లు విప్పాం, గుంజలు పీకాం, మైదానమంతా ఊడ్చాం. ఆయన వచ్చాడు, చూశాడు, ఖాళీ అని రాసుకుని వెళ్లాడు. ఎంత మర్యాదస్తులమో చూడండి!

మూడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాం. మొదటి రోజు ఆఫీసరు లేడు. రెండో రోజు ఉన్నాడు, మీటింగులో. సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చున్నాం. మూడో రోజు మా ముందు ఒక పట్టిక పరిచాడు. ఆ స్థలం దేనికిస్తే జనానికి మేలో తూచి మార్కులు వేశారట. గని రోడ్డుకు డెబ్భై రెండు, బస్సుల డిపోకు యాభై, పార్కుకు నలభై ఒకటి.

"మరి మా బట్టలకెన్ని?" అడిగింది గంజి అత్త. ముప్పై ఏళ్లుగా గంజి పెట్టే చేయి కాబట్టి ఆ పేరు. మా అందరికీ పెద్ద ఆమే.

"దానికి గడి లేదమ్మా. ఖాళీగా వదిలేయడం అనే గడిలోకే మీరూ వస్తారు. దానికి సున్నా."

"సున్నానా? గని లారీల దుమ్ము పడ్డ దుప్పటి మీద మీ అమ్మను పడుకోబెడతావా నాయనా?"

"అభ్యంతరముంటే గడువులోపల చెప్పాలి. నిన్నటితో అయిపోయింది."

నిన్నంతా మేం ఆయన మెట్ల మీదే ఉన్నాం!

చాకిరేవు దగ్గర అందరం చేరాం. "ఇంకో చోటేదైనా అడుక్కుందాం, ఊరుకోండి" అన్నాడు ఇస్త్రీ మామ. "ఎక్కడికెళ్లినా వాళ్ల కాగితంలో మనం ఖాళీయే కదా మామా!" అని నేను కసిరాను. అరుపులు పెరిగాయి. చివరికి అత్త లేచింది.

"రేపు హద్దురాళ్లు వేయించడానికి ఆఫీసరొస్తాడు. ఈసారి మాత్రం ఎవ్వరూ మర్యాద చేయకండి!"

మర్నాడు తాళ్లతో, తడి బట్టలతో మైదానంలో అడుగు పెట్టే సందు లేదు. ఆసుపత్రి ఆయాలు కూడా తాళ్లు పట్టుకొచ్చారు. ఆఫీసరు వంగి వంగి నడుస్తుంటే తడి దిండుగలీబు ఒకటి ఆయన చెంపకు తగిలింది. ఇస్త్రీ మామ పగలబడి నవ్వాడు. అరగంటలో పోలీసులొచ్చారు.

"తాళ్లు విప్పండి!"

ఒక్క చెయ్యీ కదల్లేదు. అత్త రెక్క పట్టి వ్యాను దాకా ఈడ్చారు. ఇన్‌స్పెక్టరు అట్ట మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు.

"నన్నెక్కడ పట్టుకున్నావని రాస్తున్నావయ్యా?"

"ఈ మైదానంలోనే."

"ఏం చేస్తుంటే?"

"బట్టలారేస్తుంటే" అన్నాడు విసుగ్గా.

"కాస్త గట్టిగా చదువు నాయనా, ఆఫీసరుగారికి వినబడాలి."

అతని కలం ఆగిపోయింది. ఆఫీసరు తల దించుకున్నాడు. ఖాళీ అన్న చోట బట్టలారేస్తున్నారని పోలీసులే రాస్తున్నారని మాకు అప్పుడు వెలిగింది. ఇస్త్రీ మామ అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాడు.

"నన్నూ రాయండి. నేనూ ఇక్కడే బట్టలారేస్తున్నాను."

అతని వెనక నేను, నా వెనక ఆయాలు. ఇన్‌స్పెక్టరు దగ్గర కాగితాలు అయిపోయాయి. మేం ఇంకా వరసలోనే నిలబడి ఉన్నాం.