బాతుల లెక్క, బాపు గొంతు

మంథని చర్చిల మైకు చెడిపోతే ఎవ్వరూ పరేషాన్ కారు. ఫిలిప్ సారు లేచి ప్రకటనలు చదువుతడు. గోదావరి ఆవలి ఒడ్డున బర్లు కడుగుతున్నోళ్లకు గూడ వచ్చే ఆదివారం ప్రార్థన ఎవరింట్లనో తెలిసిపోతది. బళ్లె తెలుగు చెప్పేది గూడ ఆయనే. పాఠం పావువంతు, పరాచికం ముప్పావువంతు. పిల్లలు నవ్వరు, ఆ లోటు ఆయనే తీర్చుకుంటడు.

గా నవ్వే పోయినేడు కొంప ముంచింది. సారు బిడ్డ ఆరాధన కాలేజీల జువాలజీ చెప్తది. చలికాలం విడిదికొచ్చే పట్టెతల బాతులు, ఎండలు ముదరంగనే హిమాలయాలు దాటి పోతయి. అవి పోకముందే యేటా మార్చిల ఎర్రకుంట పక్షుల రక్షిత ప్రాంతంల వాటిని లెక్కబెట్టి ఫారెస్టోళ్లకు కాగితం పంపుతది. బైనాక్యులర్ల ఒకరు చూడాలె, పక్కన ఒకరు రాయాలె. పోయినేడు రాసేతందుకు బాపును తోలుకపోయింది. లెక్క ఇరవై ఏడు దాకా వచ్చింది. నీళ్లమీద బాతులు ఒకదానితోటొకటి గొణుక్కుంటుంటే సారుకు ఉండబట్టలే.

"బాతులు గూడ బాతాఖానీ పెట్టినయి బిడ్డా" అన్నడు.

అని ఊకున్నా బాగుండు. నవ్విండు. బాతులన్నీ ఒక్కసారే లేచి అటునుంచటే టిబెట్ బాట పట్టినయి. ఆరాధన పంపిన కాగితంల బాతుల గడి ఖాళీగ పోయింది.

ఈసారి గూడ చెడగొడితే వచ్చే ఏడు సంది కైలాసం సారును తోలుకపోత అని బిడ్డ ముందే చెప్పింది. కైలాసం సారు అదే బళ్లె హిందీ చెప్తడు. ఆయన నోట్లెకెల్లి మాట రావాలంటే హెడ్మాస్టరు మెమో ఇయ్యాలె. ఫిలిప్ సారుకు ఏడాదిల బిడ్డ పక్కన కుదురుగ కూసునే పొద్దు అదొక్కటే. మిగిలిన రోజులు ఆమెకు కాలేజీ ఉంటది, ఆయనకు ఊరంత ఉంటది.

బయలెల్లే ముందు భార్య లిడియా, పక్కింటోళ్లు దుబాయి నుంచి తెచ్చిన ఖర్జూరపండు ఒకటి ఆయన నోట్లె పెట్టింది. పండు తిను, గింజను మాత్రం నాలుక కింద పెట్టుకొని మళ్ల ఇంటికి తే, నాకు చూపియ్యాలె అన్నది.

ఎర్రకుంట చెరువు కట్టమీద 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డున్నది. తననే పేరుపెట్టి పిలిచినట్టు సారు దాని దిక్కు చూసి, తుంగ చాటుకు కూసున్నడు. పది బాతులు కాంగనే ఆరాధన ఒక వేలు చూపిస్తది, ఆయన ఒక గీత గీస్తడు. ఒక గీత పడ్డది. రెండోదీ పడ్డది. గీతల మీద ఒక మంచి మాట గొంతుదాకా వచ్చింది, గింజతోటి అదిమిండు. ఇంకోటి వచ్చింది, దాన్నీ అదిమిండు. నాలుగో గీతకొచ్చేసరికి ఆయన కడుపుల ఏడు చమత్కారాలు పుట్టకముందే చచ్చినయి.

అప్పుడు కట్ట కిందికెల్లి ఒక గొంతు లేచింది.

"ఓహోయ్! మక్క జోలికొస్తె తేలుస్త లెక్క! పీకుత రెక్క!"

ఆరాధన తల తిప్పి చూసింది. బాపు నోరు మూసే ఉన్నది. గొంతు మాత్రం బాపుదే.

సారుకు జనవరి యాదికొచ్చింది. అంతయ్య అనే రైతు ఇంటికొచ్చి, పందులు, చిలుకలు మక్క చేనును బతకనిస్తలేవు, మీ గొంతు జర ఫోన్ల పట్టియ్యిండ్రి, స్పీకర్ల పెట్టుకుంట అన్నడు. "మీరొర్రితె పందులు గూడ ఊరిడిసి పోతయి సారూ" అంటే, అది మెప్పే అనుకొని, సారు ప్రాస కలిపి మరీ ఫోన్ల ఒర్రి ఇచ్చిండు. ఇంతకు నీ చేనెక్కడ అని అడగాలె గద. ప్రాస కుదిరిన సంబురంల అడగలే.

ఆ చేను చెరువు కట్ట కిందనే. అంతయ్య పొద్దెక్కంగనే స్విచ్ వేసి చాయ్ తాగ పోయిండు.

సారు గింజ మింగిండు. బాతుల దిక్కు చూడనన్న చూడకుండ కట్ట దిగి ఉరికిండు. సగం దూరం కాళ్లతోటి, సగం దూరం పిర్రలతోటి దిగి, మక్కల చొచ్చి, కట్టెకు వేలాడుతున్న స్పీకరు వైరు పీకిండు. ఆయన గొంతు నడుమల్నే తెగింది. చెరువంత సప్పుడు లేకుండయింది.

మరుక్షణమే నెత్తిమీద రెక్కల సప్పుడు. బాతులన్నీ గాల్లున్నయి.

సారు వైరు పట్టుకొని మక్కల నిలబడ్డడు. కైలాసం సారు, తెల్ల టోపీ పెట్టుకొని, బిడ్డ పక్కన కూసున్నట్టు కండ్లల్ల మెదిలిండు. కట్టమీదికి ఆరాధన వచ్చింది.

"బాపూ, గా వైరు మళ్ల పెట్టు."

ఆయన చేతిల వైరు దిక్కు చూసి, బిడ్డ దిక్కు చూసిండు.

"నువ్వు ఒర్రినంతసేపు ఒక్కటి మెడ లేపలే. జనవరిల అంతయ్యకు పట్టిచ్చిందే గద ఇది, రెండు నెల్ల సంది రోజు ఇంటున్నట్టున్నయి, అలవాటైంది. నువ్వు బందయినంకనే బెదిరినయి. పెట్టు జల్ది."

సారు వైరు పెట్టిండు. మక్క, లెక్క, రెక్క మళ్ల మొదలైనయి. బాతులు రెండు చుట్లు తిరిగి, ఎక్కడియక్కడ దిగినయి. ఒకటి రెక్క సదురుకున్నది. ఒకటి స్పీకరుకు వీపు తిప్పి కునికింది. ఇరవై ఆరేండ్ల సర్వీసుల పదో తరగతి చేసింది గూడ గదే.

సారు మళ్ల తుంగ చాటుకొచ్చి కూసున్నడు. ఈసారి ఐదు గీతలు పడి, పైన ఆరు మిగిలినయి. యాభై ఆరు. గడి నిండింది. కాగితం అడుగున 'పక్షులకు అలజడి కలిగించినవి' అని ఇంకో గడి ఉంటది. కుక్కలు, వలలు, బర్లు అని రాస్తుంటరు. ఆరాధన కలం తీసుకొని రాసింది: 'మా బాపు గొంతు. పక్షులు పట్టించుకోలేదు.'

సారు దాన్ని రెండుసార్లు చదివిండు. పరువు తీసినట్టే ఉన్నది, ప్రేమగ గూడ ఉన్నది. ఏదీ తేల్చుకోలేక, అడగాల్సింది అడిగిండు. పుట్టి బుద్ధెరిగినంక ఆయన మెల్లగ అన్న మొదటి మాట అదే.

"మరి వచ్చే ఏడు... కైలాసం సారా?"

దగ్గర్ల ఉన్న బాతు ఒకటి ఉలిక్కిపడి మెడ లేపింది.

"వద్దు బాపు" అన్నది ఆరాధన, బైనాక్యులర్ సంచిల పెట్టుకుంట. "ఆ సారొస్తె గా నిశ్శబ్దానికే ఇవి లేచిపోతయి."