నల్లబల్లకు మ్యూజియం

నేను ఒక నల్లబల్లను. మలేసియాలో, పేరాక్ రాష్ట్రపు తోటలో, పాలు ఇవ్వడం మానేసిన రబ్బరు చెట్టును కోసి, నాలుగు పలకలు చేసి, నల్లరంగు పూశారు. పనికిరానిదని కొట్టేసిన చెట్టు మీద పిల్లల్ని పనికొచ్చేవాళ్లుగా చేయాలనుకోవడం మనుషులకే చెల్లింది.

శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వచ్చిన కూలీలు తామే ఒక రేకుల షెడ్డు వేసుకుని నన్ను గోడకు తగిలించారు. పిల్లలు పొద్దున సర్కారు బడిలో మలయ్ చదివేవారు. సాయంత్రం నాలుగింటికి సింహాద్రి మాస్టారు నా మీద తెలుగు రాసేవారు.

కొన్నేళ్లకు రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది, తోట చేతులు మారింది. షెడ్డు ఎరువుల బస్తాలకు కావాలని, వారంలో ఖాళీ చేయమని కొత్త మేనేజరు కాగితం పంపాడు. మాస్టారు మెత్తని మనిషి. నన్ను మేకు నుంచి దించుతూ, "పై వాళ్ల ఉత్తర్వు. ఏం చేస్తామమ్మా," అన్నారు.

అప్పుడు గుమ్మంలో ఉన్నది అప్పలనరసమ్మ. రాలిన పామాయిల్ కాయలు ఏరే మనిషి, అక్షరం ముక్క రాదు. కూతురు గౌరేశ్వరి ఆ బడిలోనే చదువుతోంది.

"బల్ల ఇలా ఇయ్యండి మాస్టారూ. షెడ్డు ఆళ్లదైతే అయింది. బడి మనది," అంది.

మరో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి నన్ను మోసుకెళ్లి, మేనేజరు ఆఫీసు ఎదురుగా, రోడ్డు వారన నిలబెట్టింది. నాలుగయ్యేసరికి పిల్లలు నేల మీద కూర్చున్నారు. మాస్టారు ఆఫీసు వైపు ఒకసారి చూసి, రాశారు.

మేనేజరు బయటికొచ్చి, ఎవరి అనుమతితో కూర్చున్నారని మలయ్‌లో అడిగాడు.

"రోడ్డు మీద కూర్చోడానికి అనుమతి ఎందుకు దొరా?" అని ఆమె కూడా మలయ్‌లోనే అంది.

వాన పడితే అక్షరాలు కారిపోయేవి. తుడిచి మళ్లీ రాసేవారు. తొమ్మిదో రోజున సర్కారు బడి టీచరు రొహానా వచ్చి, తలగుడ్డ సర్దుకుని పిల్లల మధ్య కూర్చుంది. "వీళ్లు నా పిల్లలు కూడా," అని మేనేజరుతో చెప్పింది. అతను సగం షెడ్డు ఇస్తానన్నాడు. అప్పలనరసమ్మ సగానికి ఒప్పుకోలేదు. ఇంకో వారం కూర్చున్నాక మొత్తం ఇచ్చాడు.

గౌరేశ్వరి కౌలాలంపూర్‌లో విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడే అధ్యాపకురాలైంది. మాస్టారు చనిపోయిన ఏడాదికి, ఒక శనివారం, లారీ తీసుకుని వచ్చింది. నన్ను విశ్వవిద్యాలయం మ్యూజియంలో పెడతారట. అద్దం వెనక, దీపం కింద. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం ఆశ పుట్టింది.

తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల పదకొండు మంది చిన్నవాళ్లు ఉన్నారు. ఒక పెద్దపిల్ల తనకు వచ్చినంత వాళ్లకు నేర్పుతోంది.

"అమ్మా, అక్కడైతే వేలమంది చూస్తారే. మన కష్టం అందరికీ తెలుస్తుంది."

"బల్లకి మూజియం ఎతికావు. ఈ పిల్లలకి మాస్టార్ని ఎతికావా?"

గౌరేశ్వరి లారీ దగ్గరకు నడిచింది. లారీవాణ్ణి వెళ్లిపొమ్మంది. చెప్పులు విప్పి లోపలికొచ్చి, పెద్దపిల్ల చేతిలోని సుద్దముక్క అడిగి తీసుకుంది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆమె బస్సు దిగుతుంది. పిల్లలిప్పుడు ఒత్తుల దాకా వచ్చారు.